మధ్యగోడ మీది గాజు

ఇంతకాలం వీధిలో వాళ్ళందరి కొలతలూ తీసిన టైలరమ్మ ఇంటికే ఆ ఉదయం కొలతలు తీసేవాళ్ళు వచ్చారు. వాళ్ళు అనడమెందుకు, వచ్చింది ఒక్క అమ్మాయి. నెత్తిన పసుపుపచ్చ టోపీ, భుజాన సంచి, చేతిలో చిన్న తాపీ. రోడ్డు మీద కొత్తగా చిన్నరైలు వేస్తున్న కంపెనీ నుంచి వచ్చానని చెప్పి, కుట్టుమిషను వెనక గోడని కిందినుంచి పైదాకా చూసింది. కాలరు సరిగ్గా కూర్చోని చొక్కాని టైలరమ్మ ఎలా చూస్తుందో అలా చూసింది.

"ఈ బీట ఎప్పటిదండీ?"

"ఏ బీట?" అంది టైలరమ్మ.

అమ్మాయి నవ్వి గుడ్డల తానుల్ని ఒకదాని తర్వాత ఒకటి పక్కకి జరిపింది. కప్పు మూలనుంచి ఏటవాలుగా నడుమెత్తు దాకా దిగిన బీట బయటపడింది. తానులు అక్కడ పేర్చిందే దానికోసం. పరాయి పిల్ల ఎవరో వచ్చి పైట లాగినట్టనిపించి టైలరమ్మకి ఒళ్ళు మండింది.

అమ్మాయి అవేం పట్టించుకోలేదు. గిన్నెలో తెల్లపొడి కలిపింది. బీటకి అటొక ముద్ద, ఇటొక ముద్ద పెట్టి, వాటిమీద స్కేలంత గాజుపట్టీ ఒకటి అడ్డంగా అతికించింది. ముద్దల అంచుల్ని వేలితో నున్నగా దిద్దింది. పని వచ్చిన చేతులే, ఆ మాట టైలరమ్మ కూడా లోపల ఒప్పుకుంది.

"దీన్ని ముట్టుకోకండి అమ్మా. రోడ్డు తవ్వేటప్పుడు గోడ వెంట్రుకవాసి కదిలినా ఇది పగిలిపోతుంది. మాకు తెలిసిపోతుంది."

"పగిలితే?"

"ఇక్కడ తవ్వడం ఆపేస్తాం. ఇల్లు ఖాళీ చేయించి, గోడకి ఊతం పెట్టి, అన్నీ చూసుకున్నాకే మళ్ళీ మొదలుపెడతాం."

"ఖాళీ చేసి మేమెక్కడికి పోవాలి?"

"కంపెనీ ఎక్కడో ఒక గది చూపిస్తుందమ్మా."

"నాకు గది సరే. నా మిషనుకి? ఈ తానులకి?"

ఆ అమ్మాయి సంచి సర్దుకుంది. బడులు తెరిచే రోజులు దగ్గరపడ్డాయి. బడిపిల్లల యూనిఫారాలన్నీ టైలరమ్మ చేతిలోనే ఉన్నాయి. కత్తిరించినవి ఒక కుప్ప, కత్తిరించాల్సినవి ఒక కుప్ప. ఇప్పుడు మిషను ఆగిందంటే బడివాళ్ళు ఇంకొకరిని చూసుకుంటారు. ఒకసారి చూసుకున్నాక తిరిగి ఆవిడ గడప తొక్కరు. మొత్తానికి ఆవిడ బతుకంతా ఆ గాజుముక్కకి వేలాడదీసి ఆ పిల్ల చక్కాపోయింది.

ఆ గోడ ఆవిడ ఒక్కదానిదే అయినా కొంత నయంగా ఉండేది. అది మధ్యగోడ. పాత ఇల్లు రెండు వాటాలైతే వీధివైపు ఎడమ వాటా టైలరమ్మది, కుడి వాటా మరిదిది. నడుమ ఒక తలుపు. దానికి రెండువైపులా గడియలున్నాయి కానీ ఎవరూ ఎప్పుడూ వేసింది లేదు. ఉప్పు నిండుకున్నా, పిల్లలకి జ్వరమొచ్చినా ఆ తలుపులోంచే రాకపోకలు. మరిది సిటీబస్సు డ్రైవరు. మాట తక్కువ మనిషి. మాట తక్కువ వాళ్ళతో వచ్చిన చిక్కేమిటంటే, వాళ్ళు చెప్పనిదంతా మనమే ఊహించుకోవాలి.

ఊహించుకోవడానికి సాయం చేసేవాళ్ళకి ఏ వీధిలోనూ కొదవుండదు. ఎదురుగా మందుల షాపాయన ఉన్నాడు. చిన్నరైలు మాట పుట్టిన దగ్గరనుంచి ఆయన షాపులో మందులకన్నా కబుర్లే ఎక్కువ అమ్ముడవుతున్నాయి. రోడ్డు మీద రంగురంగుల గీతలు గీస్తే ఏ రంగుకి ఎవరి ఇల్లు పోతుందో ఆయనే చెప్పాడు. తీరా అవి నీళ్ళగొట్టాలకీ కరెంటు తీగలకీ గుర్తులని తేలినా, ఆయన మాత్రం తగ్గలేదు.

"గాజు అతికించారటగా?" అన్నాడు, టైలరమ్మ తలనొప్పి మాత్రకి వెళ్ళినప్పుడు. "ఇల్లు ఖాళీ చేయించాలంటే ఎంతసేపమ్మా? గాజుముక్క పగిలితే చాలు. ఎవరు పగలగొట్టారో ఎవడు చూడొచ్చాడు?"

"నా ఇంట్లోకొచ్చి ఎవరు పగలగొడతారు?"

"నేనెందుకు చెప్పాలిలే, మీరూ మీరూ ఒకటి. నిన్న మీ మరిది మా షాపు ముందే ఆ రైలు కంపెనీ ఇంజనీరుతో టీ తాగుతున్నాడు. చెయ్యి మీ ఇంటివైపు ఇలా ఇలా తిప్పి చూపిస్తున్నాడు. నాకు వినపడలేదనుకోండి."

వినపడలేదంటూనే అంతా చెప్పేశాడు. టైలరమ్మ మాత్ర కొనడం మరిచిపోయి వెనక్కొచ్చింది.

అప్పటినుంచి ఆవిడ చెయ్యి మిషను మీదున్నా చెవి మాత్రం తలుపవతలే ఉంది. మరిది ఫోను వస్తే డాబా మీదకి ఎందుకు వెళుతున్నాడు? చిన్నరైలు వస్తే తన బస్సు దారికే ఎసరు కదా, మొదట్లో తిట్టినవాడు ఇప్పుడు ఎందుకు తిట్టడం లేదు? మొన్నీమధ్య గుడ్డ తెచ్చి, "సోమవారానికి ఒక చొక్కా కావాలి వదినా, కొంచెం మంచిగా కుట్టు" అన్నాడు. ఏమిటి విశేషం అంటే తల గోక్కున్నాడు. ఖాకీ తప్ప ఇంకో చొక్కా గురించి పట్టించుకోని మనిషికి ఉన్నట్టుండి లేతనీలం చొక్కా ఏమిటి?

మర్నాడు రోడ్డు పొడవునా ఇనుపరేకుల కంచె వేశారు. ఇళ్ళకీ రోడ్డుకీ మధ్య ఒక మనిషి నడిచేంత సందు మాత్రం మిగిలింది. అందరి ఇళ్ళ ముందూ రేకులు ఏకధాటిగా పోయి, టైలరమ్మ మెట్ల ఎదురుగా మాత్రం ఆగాయి. అక్కడ రేకు బదులు చిన్న గేటు పెట్టారు.

"మీకే గేటేమిటో!" అన్నాడు మందుల షాపాయన, కంచె మీదుగా మెడ సాచి. "మిషను లోపలికి రావడానికా ఏం?"

ఆయన అన్నది కుట్టుమిషను కాదు. ఇళ్ళు కూల్చే మిషను.

ఆ మధ్యాహ్నం యూనిఫారం కొలతలిప్పించడానికి పిల్లని తీసుకొచ్చిన తల్లి ఒకామె గోడవైపే చూస్తూ నిలబడింది.

"అదేమిటి, గోడకి కట్టు కట్టారు? ఇల్లు కూలుతుందా?"

"ఎందుకు కూలుతుంది? రైలువాళ్ళేదో అతికించారు."

"బట్టలు అందేదాకా ఇల్లుంటుంది కదా?" అంటూ ఆమె నవ్వింది. నవ్వుతూనే పిల్లని గోడకి దూరంగా లాక్కుంది.

ఇక ఊరుకోవడానికి లేదు. మచ్చ కనపడితే మీద గుడ్డ వేసి కుట్టేయడం టైలరమ్మకి వెన్నతో పెట్టిన విద్య. యూనిఫారాల్లో మిగిలిన ముదురునీలం గుడ్డకి అంచులు మడిచి, పైన తీగ దూరే సందు వదిలి ఒక తెర కుట్టింది. మధ్య తలుపు తోసి, "ఏమే, మీ ఆయన సుత్తి ఒకసారి ఇటివ్వు" అంది. తోడికోడలు పప్పు రుబ్బుతున్న చేత్తోనే పనిముట్ల పెట్టె చూపించింది.

గాజుకి అటూ ఇటూ, జానెడు పైన, రెండు మేకులు. గోడ పాతది, గట్టిది. మేకు దిగనని మొరాయించింది. టైలరమ్మ కొంగు నడుముకి దోపి, స్టూలు మీద నిలబడి, మందుల షాపాయన మీది కోపమంతా మేకు తల మీద తీర్చుకుంది. సున్నం పెచ్చులు రాలాయి. గాజుని మాత్రం ఆవిడ ముట్టుకోలేదు. ముట్టుకోవద్దన్నారు కదా! తీగ బిగించి తెర దించేసి, పెచ్చులు చిమ్మేసి, మళ్ళీ మిషను ముందు కూర్చుంది. సుత్తి మిషను కిందే ఉండిపోయింది.

తర్వాతి రోజు కుట్టిన బట్టల మూట బడిలో ఇచ్చి తిరిగొస్తుంటే, ముందుగదిలోంచి మధ్య తలుపువైపు వెళుతున్న మనిషి వీపు కనిపించింది. మరిది. ఆవిడ అడుగుల చప్పుడుకి ఉలిక్కిపడి తిరిగాడు.

"సుత్తి కోసం వచ్చాను వదినా."

సుత్తి చేతిలో ఉన్నమాట నిజమే. కానీ వేళ్ళకి తెల్లగా సున్నప్పొడి అంటి ఉంది. సుత్తికి సున్నం ఎక్కడిది? అతను వేళ్ళు ప్యాంటుకి తుడుచుకుని వెళ్ళిపోయాడు.

కాసేపటికి కంచె అవతల రోడ్డు బద్దలుకొట్టే యంత్రం మొదలైంది. నేల అదిరింది. బల్ల మీది కత్తెర తనంతట తానే జరుగుతూ అంచుదాకా వచ్చింది. టైలరమ్మ దాన్ని పట్టుకుని, లేచి, తెర తొలగించి చూసింది.

గాజు రెండు ముక్కలై ఉంది.

ఆవిడ బుర్రలో ముక్కలన్నీ గబగబా ఒకదానికొకటి కుట్టుకున్నాయి. ఇంజనీరుతో టీ, డాబా మీద ఫోన్లు, ఎవరికీ లేని గేటు, సున్నపు వేళ్ళు. ఇల్లు ఖాళీ అయితే వాటా కంపెనీకి అమ్ముకోవచ్చు. వదిన ఒక్కతే ఏం అడ్డుపడుతుంది? ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేను పట్టుకున్నాను అనుకుంది. పట్టుకున్నందుకు సంతోషం మాత్రం కలగలేదు.

తెర మళ్ళీ వేసేసి, మధ్య తలుపు తోసుకుని వెళ్ళింది. మరిది డ్యూటీకి బయలుదేరుతూ ఖాకీ చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు.

"ఇల్లు కావాలంటే నన్నడిగితే పోయేది కదయ్యా. దొంగలా నా గదిలో దూరడమెందుకు?"

"ఏమైంది వదినా?"

"ఏమైందో నీ వేళ్ళనడుగు. మీ అన్న ఉండగా ఈ గోడకి అటెవరు, ఇటెవరు అన్న ఆలోచనే రాలేదు నాకు. ఎంతకి అమ్మావు?"

తోడికోడలు వంటింట్లోంచి వచ్చి నోరు తెరవబోయింది. మరిది చేత్తో వారించాడు.

"వదినా, ఆ గాజు సంగతి నాకొదిలెయ్. నువ్వు కుట్టుకో."

"నీకొదిలేస్తే ఇంకేం మిగులుతుంది నాకు?"

టైలరమ్మ తన వైపుకొచ్చి తలుపు మూసింది. గడియ బిగుసుకుపోయి ఉంది. రెండు చేతులతో లాగితే కీచుమంటూ పడింది. ఆ చప్పుడు అవతలివాళ్ళకి వినపడాలనే లాగింది. వినపడిందని తెలిశాక ఎందుకో ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున గోడ అవతల గిన్నెలో తాపీ గీరుతున్న చప్పుడు. ఆ పసుపుటోపీ అమ్మాయి గొంతు, మధ్యలో మరిది గొంతు, పిల్లల నవ్వులు. టైలరమ్మ మిషను ఆపి చెవి ఒగ్గింది. గోడకి చెవులుంటాయంటారు కానీ నోరుండదు, ఒక్క మాటా అర్థం కాలేదు. వాళ్ళూ వాళ్ళూ ఒకటయ్యారన్న సంగతి మాత్రం అర్థమైంది. మిషను పెడలు మీద కాలు పెడితే దారం తెగింది. మళ్ళీ ఎక్కిస్తే మళ్ళీ తెగింది.

కాసేపటికి తోడికోడలు వచ్చింది. వీధి మెట్లెక్కి, బయటి గుమ్మంలో, కొలతలివ్వడానికొచ్చిన ఎవరో పరాయి మనిషిలా నిలబడింది.

"ఆ చొక్కా గుడ్డ ఇచ్చెయ్యక్కా. బయటెక్కడైనా కుట్టించుకుంటాం."

"కత్తిరించేశాను. ఒకరు కత్తిరించిన గుడ్డ ఇంకొకరు కుట్టరు."

అది నిజం. ఏ టైలరూ కుట్టడు. తోడికోడలికీ ఆ సంగతి తెలుసు. బల్ల మూల మూటకట్టి పడేసిన లేతనీలం ముక్కల్ని చూస్తూ నిలబడింది.

"సోమవారం చిన్నరైలు వాళ్ళు డ్రైవర్లకి పరీక్ష పెడుతున్నారు. బస్సులు తగ్గించేస్తారట. అయితే అయింది, లేకపోతే నలుగురిలో నవ్వులపాలని ఎవరికీ చెప్పలేదు."

"వాటా సంగతి కూడా అందుకే చెప్పలేదా?"

తోడికోడలు తల ఎత్తింది. "ఈయన అడిగారక్కా. కంపెనీ మా వాటా తీసుకుంటుందా అని అడిగారు. అడగలేదని అబద్ధమెందుకు చెప్పాలి? ఆ రెండు గదుల్లో ముగ్గురు పిల్లలతో ఎలా ఉంటున్నామో నీకు తెలీదా? తీసుకుంటే మొత్తం ఇల్లే తీసుకుంటామన్నారట. వదిన వాటా మాటెత్తకండి అని వచ్చేశారు. అంతే."

"అంతే అయితే గాజు దానంతటదే పగిలిందా?"

తోడికోడలి చూపు ఒక్కసారి ముదురునీలం తెర మీదకి పోయింది. పెదవి కొరుక్కుంది. "ఆయన చెప్పొద్దన్నారు" అని, వచ్చిన దారినే వీధిలోకి దిగిపోయింది.

చెప్పొద్దన్నాడట! గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం ఇదే అనుకుంది టైలరమ్మ. అయితే ఈసారి ఆ అనుకోవడంలో మునుపటి పట్టు లేదు. అమ్మకానికి అడిగామని నిజం ఒప్పుకున్నవాళ్ళు గాజు దగ్గర ఎందుకు దాస్తారు?

ఆ మర్నాడు పసుపుటోపీ అమ్మాయి గేటు తోసుకుని మెట్లెక్కింది. టైలరమ్మ లేచి తెరకి అడ్డంగా నిలబడింది. ఒళ్ళో ఉన్న నిక్కరు కింద పడింది.

"ఈరోజు కుదరదు. పనిలో ఉన్నాను."

"ఒక్క నిమిషమే అమ్మా. గాజు మార్చి వెళతాను."

"మార్చడమెందుకు? అది బాగానే ఉంది."

"పగిలింది కదమ్మా" అంది ఆ అమ్మాయి, గిన్నె కింద పెడుతూ. "మొన్ననే మీ మరిదిగారు వచ్చి చెప్పారు. అలమర కోసం తనే గోడకి మేకులు కొట్టానని, ఆ దెబ్బకి పగిలిందని."

అమ్మాయి ఆవిడని మెల్లిగా పక్కకి జరిపి తెర ఎత్తింది.

"మామూలుగా అయితే వెంటనే ఖాళీ చేయించాలి. కానీ మేకు దెబ్బంటే సంగతి వేరు కదా. అందుకని అటువైపు, ఇదే బీట మీద, ఇంకో గాజు పెట్టి చూశాను. నిన్న పొద్దున్నించీ అంత యంత్రం నడిచినా అది చెక్కుచెదరలేదు. గోడ కదలడం లేదు. మీరు నిశ్చింతగా కుట్టుకోవచ్చు."

"అటువైపు... మేకులున్నాయా?"

అమ్మాయి పాత ముద్దల్ని తాపీతో గీరింది. తర్వాత తల పైకెత్తి, తెర తీగని మోస్తున్న రెండు మేకుల్నీ చూసింది. కొత్తవి, ఇంకా తళతళలాడుతున్నాయి. ఒకదాని కిందనుంచి సన్నటి గీత ఒకటి తిన్నగా గాజు ఉన్న చోటికి దిగింది.

"అటువైపు ఒక్క మేకూ లేదమ్మా" అంది.

కంచె అవతల ఎవరో ఎవరినో కేకేస్తున్నారు. టైలరమ్మ స్టూలు మీద కూలబడింది. గాజుకి జానెడు పైన ఆ దెబ్బలు కొట్టిన చేతులు ఒళ్ళోనే ఉన్నాయి.

"మీవాళ్ళకి ఏమని చెప్పావు?"

"ఆయన చెప్పిందే చెప్పాను. ఇంజనీరుగారు ఆయన్ని నాలుగు మాటలన్నారులెండి. రోజూ వచ్చి గేటు గేటని ప్రాణం తీసింది చాలక గోడలు కూడా పగలగొడుతున్నావా అని."

"గేటు?"

"ఇదే. మీ మెట్ల ముందుది. మా వదిన దగ్గరికి బట్టలు కుట్టించుకోవడానికి వచ్చేవాళ్ళు సందులో పడి ఎలా వస్తారని మీ మరిదిగారు వారంపాటు మా ఇంజనీరు వెంటపడ్డారు. ఈయన పోరు పడలేకే పెట్టించారు."

అమ్మాయి కొత్త గాజు అతికించి, అంచులు వేలితో దిద్ది, చేతులు తుడుచుకుంది. టైలరమ్మ లేచి మేకు మీద చెయ్యి వేసింది.

"ఇవి పీకేస్తాను."

"వద్దమ్మా, పీకినా దెబ్బే. అలా ఉండనివ్వండి."

అమ్మాయి వెళ్ళిపోయాక టైలరమ్మ తెర విప్పి మడతపెట్టింది. మేకులు రెండూ బోసిగా గోడలో ఉన్నాయి. ఇకమీదట ఎప్పటికీ ఉంటాయి. మనిషి మీద అనుమానం వస్తే ఎన్ని ఆధారాలు కనపడతాయో, మన చేతిలో ఉన్న సుత్తి ఒక్కటి మాత్రం ఎలా కనపడదో ఆవిడకి అంతుపట్టలేదు. సిగ్గేసింది. గదిలో ఎవరూ లేకపోయినా తల దించుకునేంత సిగ్గేసింది.

యూనిఫారాల కుప్ప పక్కకి తోసి లేతనీలం మూట విప్పింది. ముందు భుజాలు కలిపింది. చేతులెక్కించింది. కాలరు దగ్గర కుట్టు వీసమంత పక్కకి పోతే మొత్తం విప్పి మళ్ళీ వేసింది. ఇలా విప్పి కుట్టడం చూస్తే మందుల షాపాయన, ఎంత తీసుకుంటున్నారేమిటి అని అడిగేవాడు. గుండీలు మిషను మీద కాకుండా చేత్తో కుట్టింది. ఇంజనీరు ముందు నాలుగు మాటలు పడి నిలబడినప్పుడూ అతను తల గోక్కునే ఉంటాడు. సుత్తి కోసం వచ్చి, తెర ఎత్తి పగులు తడిమితేనే అతని వేళ్ళకి ఆ సున్నం అంటి ఉంటుంది. దారం కొరికి తెంపుతూ ఉంటే కళ్ళు మసకేశాయి. చొక్కా మీద తడి పడకుండా మొహం పక్కకి తిప్పుకుంది.

ఎండ తగ్గే వేళకి ఇస్త్రీ అయింది. చొక్కాని మోచేతి మీద వేసుకుని మధ్య తలుపు దగ్గరికి వెళ్ళింది. తన వైపు గడియ ఈసారి ఇట్టే వచ్చింది. తలుపు తోసింది.

రాలేదు. మళ్ళీ తోసింది. అటువైపు కూడా గడియ పడి ఉంది.

వీధి చుట్టూ తిరిగి వెళ్ళొచ్చు. తోడికోడలు అలాగే వచ్చింది కదా. టైలరమ్మ ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చెయ్యని పని చేసింది. ఆ తలుపు తట్టింది.

లోపల గిన్నెల చప్పుడు ఆగింది.

"ఎవరూ?" అంది తోడికోడలు గొంతు.

పేరు చెబితే సరిపోదనిపించింది. వదిననంటే ఇప్పుడు ఏ మొహంతో అనాలో తెలియలేదు.

"నేనే" అంది టైలరమ్మ. "ఆరోజు సుత్తి తీసుకెళ్ళినదాన్ని."